పదమూడు గేర్ల పెట్టెను

మాది ఫుల్లర్ వంశం. సొంతూరు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కలమజూ పట్టణం. 1958లో ఈటన్ కంపెనీ మమ్మల్ని కొనుక్కుంది. అలా మా ఇంటిపేరు ఈటన్ ఫుల్లర్ అయింది. కాలిఫోర్నియాలో ఒక సర్దార్జీ గారి పద్దెనిమిది చక్రాల లారీలో, ఇంజను వెనకాల నా కాపురం.

కార్ల గేర్‌బాక్సుల్లో పళ్ల వేగాలను సమం చేసే సింక్రోనైజర్ ఉంటుంది. నాలో అది లేదు. ఆ పని డ్రైవరే చెయ్యాలి. క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, ఇంజను చుట్లు పడిపోనిచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి పై గేరు వెయ్యాలి. కింది గేరుకైతే న్యూట్రల్‌లో ఉండగానే యాక్సిలరేటర్ తొక్కి చుట్లు పెంచాలి. దీన్నే డబుల్ క్లచ్ అంటారు. మన పాత లారీ డ్రైవర్లకు ఇది తెలిసిన విద్యే. లెక్క తప్పితే నేను గరగరమని అరుస్తాను.

గేరు ఎప్పుడు మార్చాలి? చదును రోడ్డు మీద నిమిషానికి 1300 నుంచి 1500 చుట్ల మధ్య చాలు. గేరుకీ గేరుకీ సుమారు 400 చుట్ల తేడా. 1500 దగ్గర మారిస్తే ఇంజను 1100కి దిగుతుంది, దాని బలమంతా అక్కడే. ఎదురెక్కేటప్పుడు మాత్రం 1700 దాకా లాగాలి. 80,000 పౌండ్లు, అంటే 36 టన్నుల బండి న్యూట్రల్‌లో ఉన్న ఆ క్షణంలోనే వేగం కోల్పోతుంది మరి.

లాస్ ఏంజెలిస్ నుంచి ఉత్తరంగా ఐ-5 రహదారి 4,144 అడుగుల టెహోన్ కనుమ ఎక్కుతుంది. ఇంజను చుట్లు చూపే ముల్లు 1300కి జారగానే సర్దార్జీ వేలు గేరు రాడ్డు పిడి మీది బటన్ నొక్కుతుంది. కాలు ఒక్క క్షణం యాక్సిలరేటర్ మీంచి లేచి మళ్లీ పడుతుంది. అర గేరు దిగి, ముల్లు 1500కి లేస్తుంది.

అసలు పరీక్ష కనుమ అవతల గ్రేప్‌వైన్ అనే దిగుడులో. ఒకసారి కొత్త కుర్రాడొకడు స్టీరింగ్ పట్టాడు. వేగం పెరిగాక కింది గేరు వెయ్యబోయాడు. ఇంజను అంత వేగం అందుకోలేకపోయింది, నా పళ్లు కలవలేదు. ఉన్న గేరూ ఊడింది, ఇంజను పట్టు మొత్తం పోయింది. బ్రేకులు పొగలు కక్కాక బండి ఆగింది.

1931లో క్లెస్సీ కమిన్స్ అనే పేరుమోసిన డీజిల్ ఇంజన్ల ఇంజనీరే ఇదే రాష్ట్రంలోని కహోన్ కనుమ దిగుడులో బ్రేకులు చాలక, రైలు కింద పడబోయి బయటపడ్డాడు. ఆ భయంలోంచి పుట్టిందే ఇంజను బ్రేకు. 1961లో జేకబ్స్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. అదీ గేరులో ఉంటేనే పనిచేస్తుంది.

ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత లారీల సూత్రం. ఇప్పటి లారీలు బలమైనవి, గాలిని సులువుగా చీల్చుకుపోయేవి. అందుకే ఎక్కిన గేరు కన్నా ఇంకా కిందిది కావాల్సి రావచ్చు.

చాలా కొత్త లారీల్లో గేర్లు కంప్యూటరే మారుస్తోంది. మా రోజులు దగ్గరపడ్డాయి. అయినా కొండ స్వభావం మారదు. శ్రీశైలం ఘాట్ అయినా గ్రేప్‌వైన్ అయినా డీజిల్ ఆదా అని న్యూట్రల్‌లో దిగకండి. దిగడానికి కావాల్సిన గేరు కొండ కొసనే వేసుకోండి.