ఊతపదాల పెంపకం: పులిమేక ఆడేవాళ్లకు కొన్ని సూచనలు

భద్రాచలం చుట్టుపక్కల అరుగుల మీదా, టీకొట్ల ముందూ పులిమేక ఆడుకునే బృందాలు ఇంకా అక్కడక్కడా మిగిలి ఉన్నాయి. వాళ్లలో చాలామందికి ఆట వచ్చుగానీ బృందాన్ని నడపడం రాదు. బృందానికి కావాల్సింది ఆట కాదు, ఊతపదం. ఒకడు ఒక మాట అనగానే నలుగురు పడీపడీ నవ్వాలి, ఐదోవాడు వెర్రిమొహం వెయ్యాలి. అది చేతకానప్పుడు ఎన్ని పులుల్ని కట్టేసినా దండగే. ఈ విద్యలో తల పండినవాణ్ని కాబట్టి నాలుగు మంచి మాటలు చెబుతాను, ఆపైన మీ ఇష్టం.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. బండ మీద సుద్దతోనో బొగ్గుతోనో కొండ ఆకారంలో పటం గీసి అడ్డగీతలు కొడతారు. గీతలు కలిసే చోట్లు 23. పులులు 3, మేకలు 15. పులులకు పెద్ద రాళ్లు, మేకలకు చింతపిక్కలు. మేకల్ని ఒక్కొక్కటిగా దించాలి. పదిహేనూ దిగేదాకా దించిన మేక కదలకూడదు. పులికి ఆ నియమం లేదు. పక్కన మేక ఉండి దాని అవతల ఖాళీ కనిపిస్తే దూకి తినేస్తుంది. మూడు పులులకూ దారి లేకుండా చేస్తే మేకలది గెలుపు. ఆడేది ఇద్దరే. చుట్టూ చేరినవాళ్లంతా మేకల తరఫు వకీళ్లు. పులికి సలహా చెప్పేవాణ్ని నేనింతవరకు చూడలేదు, ఎందుకో మరి.

మా ఊతపదం ఎలా పుట్టిందో చెబుతాను, అలా పుట్టించుకోమని మాత్రం కాదు. మాలో ఒక కండక్టరు మామ ఉన్నాడు, ఆర్టీసీలో చేసి రిటైరయ్యాడు. ఒక సాయంత్రం మేకలు ఆయనవి, పులులు మాస్టారివి. మామ పిక్క దించాడు గానీ దాని వెనక చోటు మూయడం మర్చిపోయాడు. మాస్టారు తొందరపడలేదు. కళ్లజోడు సర్దుకుని, రాయెత్తి అవతల పెట్టి, పిక్కను రెండువేళ్లతో తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. మామ కాసేపు పటం వంక చూశాడు, కాసేపు జేబు వంక చూశాడు. తర్వాత నిదానంగా, "సరే, దిగేటప్పుడు తీసుకుంటాలే" అన్నాడు.

సర్వీసంతా చిల్లర లేక టికెట్టు వెనక బాకీ రాసిచ్చి, దిగేటప్పుడు తీసుకోమని జనానికి చెప్పిన మనిషి ఆయన. ఆ మాట తిరిగొచ్చి ఆయన నోట్లోనే పడింది. మా కాంపౌండరు చేతిలో గ్లాసు వణికి టీ అంతా పటం మీద ఒలికింది, రెండు మేకలు కొట్టుకుపోయాయి.

ఇందులో లోపం మీకు తట్టే ఉంటుంది. ఎవరూ ముందుగా అనుకోలేదు, ఎవరూ రాసిపెట్టలేదు. అంత విలువైన మాటను అలా గాలికి వదిలేస్తే నాలుగు రోజుల్లో పోతుంది. నేను పోనివ్వలేదు. మర్నాటి నుంచి ఏ మేక పోయినా, ఎవరి మేక పోయినా, ఆ మాట అనాల్సిందేనని పట్టుబట్టాను. టీ వచ్చినప్పుడు అనిపించాను. చర్ల బస్సు వెళ్తుంటే అనిపించాను. నవ్వు తగ్గుతోందని అనుమానం వస్తే గొంతు పెంచండి. అప్పటికీ ఎవరూ నవ్వకపోతే కండక్టరు యాసలో, చంకలో సంచి ఉన్నట్టు నటిస్తూ అనండి. అదీ పారకపోతే ఎందుకు నవ్వాలో వివరించండి. వివరిస్తే నవ్వు చచ్చిపోతుందని అంటారు గానీ, అది వివరించడం రానివాళ్ల మాట.

కొత్తగా వచ్చినవాడి విషయంలో పద్ధతి వేరు. వాడికి ఏమీ చెప్పకూడదు. మా దగ్గరికి ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు వచ్చేవాడు. "అంకుల్, దిగేటప్పుడు అంటే ఏంటి?" అని అమాయకంగా అడిగాడు. మేం ఒకరి మొహాలొకరం చూసుకుని నవ్వాం. వాడి మొహం చిన్నబోయింది. అది శుభసూచకం, బృందం గట్టిపడుతోందన్నమాట. నెల రోజులు అలాగే ఉంచి, వాడు అడగడం మానేశాక కూర్చోబెట్టి మొదటినుంచి చెప్పాలి. మామ ఏ డిపోలో చేరాడు, మాస్టారు ఏ జేబులో వేసుకున్నాడు, టీ ఎవరి మీద పడింది, ఒక్కటీ వదలకూడదు. మధ్యలో వాడు ఫోన్ చూసుకుంటే మళ్లీ మొదలుపెట్టాలి.

మీకింకా ఊతపదం పుట్టలేదా? దిగులు పడకండి. మన ప్రాంతంలో ముడిసరుకుకి కరువేం లేదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఒక పులిని బిగిస్తే మొదటి హెచ్చరిక, రెండోదాన్ని బిగిస్తే రెండో హెచ్చరిక అంటూ కాంపౌండరు ఒకరోజు సరదాగా మొదలుపెట్టాడు. బాగానే పేలింది, దారినపోయేవాళ్లు కూడా ఆగి నవ్వారు. అక్కడే నాకు నచ్చలేదు. ఈ ఊళ్లో బడిపిల్లలక్కూడా ఆ అంకెలు తెలుసు. అందరికీ అర్థమయ్యేది మన ఊతపదం ఎలా అవుతుంది? అందుకని దాన్ని కొంచెం మార్చాను. ఇప్పుడు మేక పోతే 75.6 అనాలి, తృటిలో తప్పించుకుంటే 71.3 అనాలి. మొదటిది 1986 ఆగస్టు వరద, రెండోది 2022 జులైది. 2022లో ఇంట్లోకి నీళ్లొచ్చి సామాను పోగొట్టుకున్నవాడు పక్కనే కూర్చుని ఉంటే తగ్గకండి, ఇంకాస్త గట్టిగా అనండి. మావాడు ఒకడు లేచి వెళ్లిపోయాడు. చోటు ఖాళీ అయింది, కాళ్లు చాపుకోవచ్చు.

రాష్ట్రాల సరిహద్దు కూడా బాగానే పనికొస్తుంది. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రాలో కలిసినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకున్న ఎటపాక అటు వెళ్లింది. దుమ్ముగూడెం వెళ్లే బస్సు ఆంధ్రాలోకి దూరి మళ్లీ తెలంగాణలో తేలుతుంది. పులి గీత తప్పి పక్క గీత మీదికి పోతే "ఎటపాక దాటావు బావా" అంటాం. ఇది బాగుంది, ఒప్పుకుంటాను. మరీ తేలిగ్గా నోటికొస్తుందని వారానికొక్కసారే అనాలని నియమం పెట్టాను.

టీ డబ్బుల సంగతి. పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. ఆ బాకీ ఆరు లక్షల మొహరీలనీ, రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ పేర్లతో వెళ్లి తానీషాకు కట్టేశారనీ కథ. ఇంత గొప్ప కథ ఊళ్లో పెట్టుకుని జేబులో చెయ్యి పెట్టడమేంటి? లేచేటప్పుడు "రామోజీ కడతాడు" అనేసి నడవండి. మొదటిరోజు మా కొట్టాయన నవ్వాడు. తర్వాత ఖాతా పుస్తకంలో రామోజీ పేరు మీద ఒక పేజీ తెరిచాడు. ఆ తర్వాత బల్ల లోపల పెట్టుకున్నాడు. హాస్యం తెలియనివాడి దగ్గర కూర్చోవడం కంటే రావిచెట్టు కింద నేల మీద కూర్చోవడం మేలు, నడుం నొప్పికి అలవాటు పడితే చాలు.

ఈ విద్య మనకొక్కళ్లకే తెలుసనుకోకండి. అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని ఒక ఆట తెచ్చారు. బల్ల చుట్టూ కూర్చుని ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ, ఒకడు వీరుడు అనుకుని గంటలతరబడి ఆడతారు. ఒకడు కథ నడుపుతుంటాడు, 20 ముఖాల పాచిక పనులు తేలుస్తుంది. డాలస్‌లో ఉన్న మా మేనల్లుడికి ఈ పిచ్చి పట్టింది. వాళ్ల బృందంలో వీరుడొకడు తలుపు పగలగొట్టడానికి పాచిక వేసీ వేసీ అలిసిపోయాడట, చివరికి చూస్తే అసలు గడియే లేదట. అప్పటినుంచి ఎవరు ఏ పనిలో చిక్కుకున్నా "తోసి చూశావా?" అంటారట. ఫోన్లో చెప్పి వాడు ఊపిరాడకుండా నవ్వాడు. నాకేమో పెదవి కూడా కదల్లేదు. అక్కడ లేనివాడికి నవ్వు రాకపోవడం వాళ్ల మాటలో ఉన్న పెద్ద లోపం. మన 'దిగేటప్పుడు'కి ఆ బాధ లేదని చెప్పి, వాడికి మామ కథ మొత్తం చెప్పాను. లైన్ కట్టయింది. అక్కడ నెట్‌వర్క్ బాగుండదు.

మాటను బృందం దాటించి లోకం మీదికి వదలాలి. 'నాలుగు స్తంభాలాట' (1982)లో జంధ్యాల వాడిన 'సుత్తి' ఊరూవాడా పాకి, వీరభద్రరావుకీ వేలుకీ ఇంటిపేరై కూర్చుంది. ఆ సినిమాను ఎవరూ నడిబజార్లో నిలబడి వివరించలేదనే వాదన ఒకటుంది, దాన్ని పట్టించుకోకండి. మామ కూతురి పెళ్లికి నేను ఫ్లెక్సీ కొట్టించాను. వధూవరుల బొమ్మల కింద పెద్ద అక్షరాలతో "దిగేటప్పుడు తీసుకుంటాం". మగపెళ్లివారు కట్నం గురించనుకున్నారు. సర్దిచెప్పేసరికి మామకు తల ప్రాణం తోకకొచ్చింది. పరామర్శలకు వెళ్లినప్పుడు కూడా వాడొచ్చు. మామ అన్నగారు పోయినప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాను. మామ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దుఃఖంలో ఉన్నాడు, పాపం.

తర్వాత ఆయన ఆటకు రావడం తగ్గించాడు. వచ్చినా మేక పోతే ఊరుకునేవాడు, లేదంటే "పోనీలే" అనేవాడు. పుట్టించినవాడే ఇలా చేస్తే మాట విలువ పడిపోతుంది. ఇలాంటప్పుడు మెత్తబడకుండా జరిమానా వేయండి. మాట ఒకసారి బృందానికి వచ్చాక అది బృందం ఆస్తి, అన్నవాడికి దాని మీద ప్రత్యేక హక్కు లేదు. మామ జరిమానా కట్టాడు. ఆపైన రాలేదు.

ఇక ఆఖరి చిక్కు. ఆ ఇంజనీరింగ్ కుర్రాడు మొన్న మాస్టారితో ఆడాడు. పదిహేను పిక్కలూ దించేదాకా నోరు విప్పలేదు. ఒక్క మేకా పోలేదు, దాంతో ఎవరికీ ఏమీ అనే అవకాశం రాలేదు. మూడు పులుల్నీ కొండ నెత్తిన కట్టేసి, చేతులు దులుపుకుని కూర్చున్నాడు. కాంపౌండరు ఉత్సాహంగా "మూడో హెచ్చరిక!" అని అరిచాడు, మాస్టారు కూడా నవ్వేశాడు. ఇలాంటి పరిస్థితి మీకూ రావచ్చు. కంగారు పడకండి. మాట లేకుండా కట్టిన పులి కట్టినట్టు కాదని చెప్పండి. పిక్కలు ఎత్తేయండి, పటం చెరిపి మళ్లీ గీయండి. ఈసారి మొదటి మేకను కుర్రాడి చేతే దించి, తినడానికి వీలుగా వెనక చోటు ఖాళీగా పెట్టించండి.