ఇరవై పళ్ళు, అరవై పళ్ళు

ఇప్పుడు సైకిలు షాపుకి వెళితే అమ్మేవాడు కనిపిస్తాడు కానీ మేస్త్రి కనిపించడు. చక్రం వంకర తిరుగుతోందయ్యా అంటే ‘కొత్తది వేసేద్దాం సార్’ అంటాడు. మా రోజుల్లో ఆ మాట అన్నవాడి గడప మళ్ళీ ఎవరూ తొక్కేవారు కాదు. బెండు తీయడం వచ్చినవాడినే మేస్త్రి అనేవాళ్ళం. చక్రాన్ని నిలబెట్టి, రిమ్ము పక్కన గోరు ఆనించి తిప్పేవాడు. గోరుకు ఎక్కడ తగిలితే అక్కడ ఎదుటి వైపు పుల్ల కాస్త బిగించి, ఈ వైపుది కాస్త వదిలేవాడు. అంతే, చక్రం దారికొచ్చేది.

మా నాన్నగారి ర్యాలీ సైకిలు ఫ్రేము విషయంలో నాకు ఒళ్ళు మండింది ఇందుకే. గొట్టాలను లగ్గులనే తొడుగుల్లో దూర్చి ఇత్తడితో అతికిన ఉక్కు ఫ్రేము అది. రంగు పోయిందే కానీ ఎక్కడా పగులు లేదు. గేర్లుంటే తొక్కుతానన్నాడు మా మనవడు. షాపులో అడిగితే, వెనక భాగం కోసి, గేర్లు తగిలించడానికి ఓ ముక్క వెల్డింగు చేద్దామన్నారు. గేరంటే చక్రం పక్కన వేలాడేదే అనుకుంటున్నారు ఈ కాలం వాళ్ళు. హబ్బు లోపలే గేర్లు పెట్టి నూరేళ్ళు దాటింది! ర్యాలీ యజమాని ఫ్రాంక్ బౌడెన్ 1902లోనే నాటింగ్‌హామ్‌లో స్టర్మీ-ఆర్చర్ కంపెనీ పెట్టించాడు. 1930ల్లో వాళ్ళు తెచ్చిన ఏడబ్ల్యూ అనే మూడు గేర్ల హబ్బు ఈనాటికీ తిరుగుతోంది.

లోపలి పనితనం చూడండి. ఇరుసుకు కదలకుండా బిగించిన 20 పళ్ళ చక్రం ఒకటి. దాని చుట్టూ తిరిగే 20 పళ్ళ బుల్లి చక్రాలు నాలుగు. వాటన్నిటినీ చుట్టి లోపలివైపు 60 పళ్ళున్న వలయం. చైను బుల్లి చక్రాల చట్రాన్ని తిప్పితే, వలయం దానికన్నా మూడోవంతు వేగంగా తిరిగి హబ్బును పరిగెత్తిస్తుంది. చైను వలయాన్ని తిప్పితే, చట్రం నాలుగోవంతు నెమ్మదించి ఎత్తు ఎక్కిస్తుంది. మధ్య గేరులో ఉన్నది ఉన్నట్టే. దుమ్ము దూరదు, వాన తడపదు. అప్పుడప్పుడూ కాసిని నూనె చుక్కలు పోస్తే చాలు. సిగ్నలు దగ్గర ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చుకోవచ్చు. పక్కన వేలాడే గేర్లకు ఆ సదుపాయం లేదు, పెడలు తిరిగితే తప్ప చైను మారదు.

ఇంగ్లండులో ఉన్న మా మేనల్లుడు ఓ పాత ఏడబ్ల్యూ హబ్బు పంపాడు. దాని ఒంటి మీదే తయారైన సంవత్సరం, నెల అచ్చుగుద్ది ఉన్నాయి. మేం చేసింది ఇదీ, ఫలానా నాడు చేశాం అని చెప్పుకునే ధైర్యం ఆ పనివాళ్ళది. ఇప్పటి సైకిలు నిండా స్టిక్కర్లే.

మన పాత సైకిళ్ళకు ముందు రిమ్ముకు 32, వెనక రిమ్ముకు 40 రంధ్రాలు. ఇంగ్లీషు వాళ్ళ లెక్కా అదే. అందుకే ఆ 40 రంధ్రాల హబ్బు మా రిమ్ముకు సరిపోయింది. ఇప్పటి హబ్బులు ఎక్కువగా 36వి, వాటికోసం రిమ్మే మార్చాలి. ఈ కాలపు ‘నెక్సస్’ అనే ఎనిమిది గేర్ల హబ్బు వెడల్పు 132 మిల్లీమీటర్లు, పాత ఫ్రేములో ఇరుకు. ఉక్కు కనుక జాగ్రత్తగా సాగదీయొచ్చు. అల్యూమినియంతో ఆ పని చేస్తే విరుగుతుంది. పైగా పాత ఫ్రేములో ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉంటుంది. చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగించుకోవచ్చు, వేరే ఏర్పాటు అక్కర్లేదు.

చక్రం అల్లింది మా ఊరి ముసలి మేస్త్రే. గేరు హబ్బు లావు కాబట్టి పాత పుల్లలు పొడుగైపోయాయి. పొట్టివి వెతికి తెచ్చాడు. గేరు మార్చే తీగ సర్దడం కూడా ఆయనకే తెలుసు. రెండో గేరులో పెట్టి, ఇరుసులోంచి వచ్చే బుల్లి గొలుసు కడ్డీ భుజం సరిగ్గా ఇరుసు కొసతో సమానమయ్యేదాకా బిగించాలి. అది తప్పితే రెండుకీ మూడుకీ మధ్య పెడలు ఖాళీగా తిరిగి, తొక్కేవాడు ముందుకు పడతాడు. ఆయన కొడుకు మాత్రం సెల్‌ఫోన్ కవర్ల కొట్టు పెట్టుకున్నాడు. తప్పు వాడిది కాదు. బెండు తీసినందుకు వంద రూపాయలడిగితే బేరమాడిన మనదే.

ఇప్పుడు మనవడు ప్రకాశం బరాజు మీద ఎదురుగాలిలో మొదటి గేరు వేసి సీటు మీంచి లేవకుండా తొక్కుతున్నాడు. మీ ఇంటి మెట్ల కింద కూడా అలాంటి ఫ్రేము ఉంటే పాత ఇనప సామాన్ల బండికి కిలోల లెక్కన తూచి ఇవ్వకండి. మేస్త్రి ఉండగానే ఆయన దగ్గరికి నడిపించుకెళ్ళండి. అడిగినంత కూలి ఇవ్వండి. ఆయన పక్కన ఓ కుర్రాణ్ణి కూర్చోబెట్టి పని నేర్పించండి. ఉక్కు ఇంకో యాభై ఏళ్ళు ఆగుతుంది, మేస్త్రి ఆగడు.