అందరూ ప్రముఖులే

బ్యానర్ రాలేదని ఆ ఆదివారం మా కాలనీ శ్రమదానం ఎనిమిదింటి దాకా మొదలు కాలేదు. పారలు వచ్చాయి, తట్టలు వచ్చాయి, గడ్డపార వచ్చింది, ఉప్మా గిన్నె అన్నిటికంటే ముందే వచ్చి నీడ పట్టున కూర్చుంది. ఫ్లెక్సీ షాపతను మాత్రం ఫోన్ ఎత్తడం లేదు. ఈలోగా మోరి పక్క గడ్డన్నా పీకుదామని ఓ అమాయకుడు వంగబోతే సంఘం అధ్యక్షులవారు చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆగన్నా, జరంత ఓపిక పట్టు. బ్యానర్ లేకుంట చేస్తే మనకూ మున్సిపాలిటోళ్లకూ ఫరకేముంటది?"

నవ్వకండి. నలుగురికి పనికొచ్చే పని చేసి దాని మీద పేరు రాయించుకోవడం ఈ గడ్డ మీద పాత అలవాటే. రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించి 1213లో శాసనం వేయించాడు. ఎనిమిది వందల ఏళ్లు దాటాక 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. ఆయన ముందు గుడి కట్టాడు, తర్వాత శాసనం వేయించాడు. మా సంఘం ఆ వరుసను కాస్త సవరించిందంతే.

మాది హన్మకొండలో హంటర్ రోడ్డు మీంచి రెండు మలుపులు లోపలికొస్తే తగిలే కాలనీ. పార్కుకని వదిలిన స్థలం ఒకటి ఉంది. ఖాళీ ప్లాట్లు కొన్ని ఉన్నాయి. వాటి ఓనర్లు అమెరికాలో ఉంటారు, వాటిల్లో పుట్టిన దోమలు మా దగ్గర ఉంటాయి. కాలనీని అందంగా తీర్చిదిద్దాలని సంఘం పెట్టగానే మొదట చేపట్టింది ముఖద్వారం. నమూనా గురించి చర్చే రాలేదు. కాకతీయులు ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబెట్టి ఊరుకున్నారు గానీ, 2014లో అది తెలంగాణ రాజముద్రకెక్కిన దగ్గర్నుంచి మా ఊళ్లో తోరణం లేని గేటు లేదు. ఫంక్షన్ హాలుకు తోరణం, అపార్టుమెంటుకు తోరణం, ఆఖరికి గోడ మీద ఖాళీ జాగా కనిపిస్తే అక్కడా తోరణం బొమ్మే. మేమూ చందాలేసుకుని సిమెంటుతో ఒకటి కట్టాం. చూడ్డానికి బాగానే ఉంది. కాకపోతే ఎత్తు కొంచెం తగ్గింది, చెత్త ట్రాక్టరు దూరదు. వెనక సందులోంచి చుట్టు తిరిగి వస్తుంది.

కమిటీల దగ్గరికొద్దాం. 2019 కొత్త మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలంది. 2020 ఫిబ్రవరి 24న పట్టణ ప్రగతి మొదలయ్యేసరికి వాటికి జనాన్ని వెతికే పని పడింది. యువజనులకొకటి, మహిళలకొకటి, సీనియర్ సిటిజన్లకొకటి, ప్రముఖులకొకటి. ఒక్కోదాంట్లో పదిహేను మంది. కాగితం మీద ఎంతో ముచ్చటైన ఏర్పాటు. మా దగ్గర యువజనులకే కరువొచ్చింది, ఉన్న పిల్లలంతా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాల్లో ఉన్నారు. సీనియర్ సిటిజన్లకు కొదవ లేదు, ఏ గేటు ముందు చూసినా కుర్చీ వేసుకుని ఒకరు కనిపిస్తారు. తీరా పేర్లు రాసుకోబోతే ఒక్కరూ దొరకలేదు. అరవై దాటిన ప్రతి పెద్దమనిషీ, "నన్ను ముసలోళ్లల్ల ఎందుకు రాస్తున్నవ్? ప్రముఖులల్ల రాయి" అన్నాడు. ఒకాయన రిటైర్మెంటు సన్మానపత్రం ఫ్రేముతో సహా పట్టుకొచ్చాడు. ఇంకొకాయన మేనల్లుడు టీవీలో కనిపించాడట. ప్రముఖుల కమిటీకి నలభై మంది తేలారు. నిజంగా పని చేసేవాళ్లంతా మహిళల కమిటీలో ఉన్నారు. వాళ్లను మీటింగుకు పిలవడం మర్చిపోయారు.

అదే చట్టంలో మొక్కల సంగతీ ఉంది. నాటినవాటిలో 85 శాతం బతకాలి, బతక్కపోతే వార్డు ప్రజాప్రతినిధి పదవికే ఎసరు. ఈ 85 శాతం మాట విన్న రోజు మా సంఘంలో నిశ్శబ్దం ఆవరించింది. తర్వాత ఎవరో ధైర్యం చెప్పారు. లెక్క వానాకాలంలో తీస్తారట. వానాకాలంలో మా ఊళ్లో కరెంటు స్తంభం కూడా చిగురిస్తుంది.

మరి ఏ మొక్క నాటాలి? ఈ ఒక్క ప్రశ్న మీద మా సంఘం రెండు మీటింగులు నడిపింది.

"వేప పెడదాం. నీడ, గాలి, ఆరోగ్యం."

"ఆకులు రాల్తయ్. నా వాకిట్ల ఎవలు ఊడుస్తరు?"

"పోనీ జామ."

"కోతులొస్తయ్."

"రావి?"

"ప్రహరీ గోడ చీలుతది. మా బావమరిది ఇంటికి గట్లనే అయింది."

"కానుగ?"

"నా పార్కింగు జాగల వద్దు. ఎదురింటోళ్ల ముందర పెట్టుండ్రి."

మా కాలనీవాళ్లకు కావలసిన చెట్టు ఇదీ అని నాకు అప్పటికి అర్థమైంది. ఆకు రాలకూడదు, పూత రాకూడదు, కాయ కాయకూడదు, పిట్ట వాలకూడదు, అయినా పచ్చగా ఉండాలి, అదీ పక్కింటివాళ్ల గేటు ముందు. ఇన్ని సుగుణాలూ ఉన్న చెట్టు ఒకటి అప్పటికే ఊరి డివైడర్ల మీద ఏపుగా పెరుగుతోంది. 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి రోడ్ల వెంట దండిగా నాటిన కోనోకార్పస్. మేకలు ముట్టవు, నీళ్లు పెద్దగా అక్కర్లేదు. ఏకగ్రీవంగా అదే తెచ్చి వరసగా నాటారు. అది మోకాళ్లెత్తు దాటిందో లేదో, దాని పుప్పొడితో అలర్జీలొస్తాయనీ, వేళ్లు పైపుల్లో దూరతాయనీ గగ్గోలు లేచింది. రాష్ట్ర ప్రభుత్వం కూడా ఇక దాన్ని నాటొద్దంది. అప్పుడు దాన్ని పీకడానికి మళ్లీ శ్రమదానం పెట్టారు. అన్నట్టు ఆ శ్రమదానం చాలా చురుగ్గా సాగింది. మా వాళ్లకు నాటడం కంటే పీకడం బాగా వచ్చు.

ఆ ఊపులోనే గునుగు గొడవ జరిగింది.

సెప్టెంబరు నెల. వానలకు ఖాళీ ప్లాట్లలో నడుమెత్తు గడ్డి మొలిచింది. పాములున్నాయన్నారు, డెంగీ అన్నారు. గడ్డి కోసే మిషను కిరాయికి తెచ్చి ఒక్క పూటలో నేల కనిపించేట్టు చదును చేశారు. ఇటు చివర నించుంటే అటు చివర కుక్క కనిపిస్తోంది. అధ్యక్షులవారు నడుమ్మీద చేతులు పెట్టుకుని చూసుకుంటున్నారు. అప్పుడొచ్చింది మా వీధి చివరింటి పెద్దమ్మ, చేతిలో ఖాళీ బుట్టతో.

"సారూ, గీడ గునుగుండె గద. ఏడవోయింది?"

"పిచ్చిచెట్లన్నీ తీసేసినమమ్మా. ఎంత సాఫయిందో సూడు."

పెద్దమ్మ బుట్ట కింద పెట్టింది. "గునుగు పిచ్చిచెట్టా? రేపెల్లుండి పెత్రమాస. ఎంగిలిపూల బతుకమ్మ దేంతోని పేర్వాలె? నీ మెడల దండతోనా?"

ఆయన మెడలో నిజంగానే దండ ఉంది, ఫొటో కోసం వేసింది. పావుగంటలో కాలనీ ఆడవాళ్లంతా చేరారు. వెయ్యిస్తంభాల గుడి ముందు ఎంగిలిపూల నాడు వేలమంది ఆడే ఊరిది. సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుండం చుట్టూ కాలు పెట్టే సందుండదు. అలాంటి ఊళ్లో పండుగ ముంగిట గునుగు, తంగేడు కోసి ట్రాక్టరులో డంపింగ్ యార్డుకు పంపిన ఘనత మా సుందరీకరణ సంఘానిది. ఆ ఏడాది గునుగుకట్ట హన్మకొండ చౌరస్తాలో కొన్నారు. కట్ట కొన్న ప్రతిసారీ ఏ ఇంట్లో ఏ మాట వినబడిందో ఇక్కడ రాయలేను. మర్నాడు మహిళల కమిటీ ఎవరూ పిలవకుండానే మీటింగు పెట్టుకుని ఒకే ఒక్క తీర్మానం చేసింది: సద్దుల బతుకమ్మ వెళ్లేదాకా ఖాళీ ప్లాట్ల మీద కొడవలి పడొద్దు. మా కాలనీ చరిత్రలో తు.చ. తప్పకుండా అమలవుతున్న తీర్మానం అదొక్కటే.

పొరుగున చూసి నేర్చుకుందామని ఒకసారి గంగదేవిపల్లి కూడా వెళ్లొచ్చారు మా వాళ్లు. గీసుగొండ మండలంలోని ఆ ఊరి గురించి దేశమంతా తెలుసు. నీళ్లకొక కమిటీ, చదువుకొక కమిటీ, ఆరోగ్యానికొక కమిటీ, ఇలా జనమే ఊరు నడుపుకుంటారు. బస్సు దిగి వీధులు చూసి ముక్కున వేలేసుకున్నారు. టీ తాగేటప్పుడు ఎవరో చెప్పారు, ఈ ఊళ్లో 1982 నుంచి మందు లేదని. తిరుగు ప్రయాణంలో బస్సంతా ఆలోచనలో పడింది. "గా ఊరి ముచ్చట వేరే సార్, మనకు సెట్ కాదు" అని తేల్చేశారు అధ్యక్షులవారు. నాకు తోచిన తేడా ఇంకోటి. అక్కడ ప్రతి కమిటీకీ ఓ పనుంది. మా దగ్గర ప్రతి మనిషికీ ఓ కమిటీ ఉంది.

అలాగని ఓరుగల్లుకు చేతకాదనుకోకండి. 2012 అక్టోబరు 10 నుంచి 17 దాకా మా ఊళ్లో క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ అని జరిగింది. వివేక్ యాదవ్ కమిషనర్‌గా ఉన్న రోజులు. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని వేరే పట్టణాల నుంచి పారిశుధ్య సిబ్బంది బృందాలుగా వచ్చారు. క్రికెట్‌కు పెట్టినట్టు చెత్తకు పోటీ పెట్టారు. ఇల్లిల్లూ తిరిగి తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా తీసుకోవడం, తడిని ఎరువుకు పంపడం, పొడిని అమ్మడం, ఎవరు బాగా చేస్తే వాళ్లకు మార్కులు. ఏ ఊరి నుంచో వచ్చిన మనిషి మా గేటు ముందు నిలబడి మా అరటితొక్కను మా పాలప్యాకెట్ నుంచి విడదీస్తుంటే, లోపలివాళ్లకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే మర్నాటి నుంచి విడిగా ఇవ్వడం మొదలెట్టాం. చెత్త గుమ్మం దగ్గరే తీసుకుంటున్నారు కాబట్టి వీధి కుండీలూ ఎత్తేశారు. తర్వాత ఇంటికి రెండు బుట్టలొచ్చాయి, తడికి ఆకుపచ్చది, పొడికి నీలంది. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆకుపచ్చ దాంట్లో బియ్యం ఉంటాయి, నీలంది బాత్రూములో ఉంటుంది.

కుండీ ఎత్తేసి పుష్కరం దాటినా, అది ఉన్న మూలకు మాత్రం మా కాలనీ నైవేద్యం ఆపలేదు. పొద్దున్నే వాకింగుకు వెళ్తూ చేతిలో కవరు, చూపు ఆకాశం వైపు. ఆ మూల బాగు కోసం సంఘం చేయని ప్రయత్నం లేదు. "ఇచట చెత్త వేయరాదు" అని రాయించారు. ఆ రాత అడుగునే వేశారు. దేవుళ్ల టైల్స్ అతికించారు. దేవుడికి అడ్డం రాకుండా పక్కకు వేశారు. సీసీ కెమెరా పెట్టారు. కెమెరా సంఘం ఆఫీసులోని టీవీకి కలిపి ఉంది, ఆ ఆఫీసుకు తాళం ఉంటుంది.

చివరికి ఆ మూలను దారికి తెచ్చింది మా వీధి ఊడ్చే మనిషి. ఓ రోజు అక్కడంతా ఎత్తిపోసి, బ్లీచింగు చల్లి, ఆనక సానుపు చల్లి, నట్టనడుమ చుక్కల ముగ్గేసింది. రెండు బంతిపూలు పెట్టింది. మర్నాడు కవరు పట్టుకొచ్చినవాళ్లు ముగ్గు ముందు ఆగారు. నేను మా మిద్దె మీంచి చూశాను. ఒకాయన అటూ ఇటూ చూసి, కవరు మళ్లీ ఇంటికే తీసుకుపోయాడు. ఆమె రోజూ వేస్తూనే ఉంది. ఆమె సెలవు పెట్టిన నాడు ఆ మూల మళ్లీ మొదటికొస్తుంది. సంఘం ఈ సంగతి గుర్తించి ఆమెకు శాలువా కప్పింది. ఫొటోలో ప్రముఖులు అడ్డం వచ్చి ఆమె కనిపించలేదు.

ఇంకొక్క మాట, అదీ నవ్వులాటకు కాదు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వానలు కొట్టినప్పుడు సమ్మయ్యనగర్, నయీంనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చి జనం గోస పడ్డారు. నాలాలు కుంచించుకుపోతే, మోరీలు పూడుకుపోతే నీళ్లు మాత్రం ఎక్కడికి పోతాయి? మా మోరి గోడకు ఇప్పటికి రెండుసార్లు రంగేసి, దాని మీద తోరణం, నెమలి, గ్లోబు గీయించాం. మోరిలో పూడిక మాత్రం అట్లాగే ఉంది. పూడిక తీస్తే పైకి కనబడదు, ఫొటోకు రాదు. వానొచ్చిన రాత్రి మాత్రం కనబడేది అదే.

ఇప్పుడు అసలు అవసరం. కోనోకార్పస్ పీకిన చోట పోయిన వానాకాలం మళ్లీ కానుగ, పొగడ నాటాం. బతికున్నాయి. మార్చి నుంచి జూన్ మొదటి వానల దాకా వాటికి పూటకో బిందె పోసేవాళ్లు కావాలి. ప్రముఖుల కమిటీలో ఖాళీలు లేవు, అది ముందే చెబుతున్నాను. బిందె ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. పార్కు మూల మీద నల్లా ఉంది, పొద్దున ఆరింటికి వస్తుంది, గంట కూడా ఉండదు.