సొంత గని లేని ఉక్కుమనిషి

2024 మే 31న ఒక తమాషా జరిగింది. పదహారేళ్లుగా బుల్లితెర మీద లడ్డూలు తిని రాక్షసుల్ని చితక్కొడుతున్న ఛోటా భీమ్ ఆ రోజు బొమ్మ రూపం వదిలేసి, నిజం కుర్రాడిలా థియేటర్లలోకి వచ్చాడు. సరిగ్గా అదే రోజు, ఇంకో నాలుగు వారాల్లో వెండితెర మీదికి రావాల్సిన ‘కల్కి 2898 ఏడీ’ హీరో భైరవ బొమ్మ రూపం ఎత్తి, తన బండి బుజ్జిని వెంటబెట్టుకుని అమెజాన్ ప్రైమ్‌లోకి దిగాడు. ఒకడు టీవీలోంచి సినిమాకి, ఇంకొకడు సినిమాలోంచి టీవీకి. ఇద్దరూ హైదరాబాదు సరుకే. దారిలో ఎదురుపడి ఉంటే, “అక్కడేముందని పోతున్నావయ్యా?” అని ఒకర్నొకరు అడిగే ఉంటారు.

జవాబు జూన్ నెల దాటకముందే తెలిసిపోయింది. కల్కి జాతర చేశాడు. భీముడు వచ్చిన దారినే వెళ్లిపోయాడు. దేశంలో చాలా మల్టీప్లెక్సులు ఆ శుక్రవారం 99 రూపాయలకే టికెట్ అమ్మినా, అనుపమ్ ఖేర్ అంతటి నటుడు గురువు వేషం కట్టినా ఫలితం మారలేదు.

భీముడి బలం మీద అనుమానం అక్కర్లేదు. రాజీవ్ చిలక 2001లో హైదరాబాదులో పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాడి పుట్టిల్లు. 2008లో పోగో చానెల్‌లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి, ఆ కుర్రాడు తెర మీద లేకపోతే నోట్లో ముద్ద పెట్టుకోని పిల్లల తరం ఒకటి తయారైంది. థియేటర్ కూడా వాడికి కొత్త కాదు. 2012లో బొమ్మల సినిమాగానే వచ్చి దమయాన్ అనే మాంత్రికుణ్ని మట్టుబెట్టాడు. 2013లో బాలి ద్వీపం వెళ్లాడు, 2016లో హిమాలయాలెక్కాడు. 2019లో కుంగ్‌ఫూ నేర్చుకుని మరీ వచ్చాడు గానీ ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ విడుదలైన రెండు వారాలకు వచ్చాడు. ఊళ్లో సర్కస్ డేరా ఉండగా గారడీవాడు పక్కనే డప్పు కొట్టినట్టయింది.

2024లో భీముడు చంపడానికి బయల్దేరిందెవరినయ్యా అంటే, మళ్లీ ఆ దమయాన్‌నే. 2012లో ఆరేళ్ల వయసున్న అభిమాని ఈలోగా ఇంటర్ ముగించి, ఎంసెట్ ర్యాంకు ఎంతొస్తుందో తెలియక నిద్ర మానేశాడు. వాడికిప్పుడు దమయాన్ కంటే కౌన్సెలింగ్ భయం ఎక్కువ. ఇక ఇవాళ్టి ఆరేళ్ల పిల్లకి భీముడంటే పంచెకట్టిన బొమ్మే. మనిషిని చూపించి ఇతనే భీమ్ అంటే, “కాదు, ఈ అన్నయ్య ఎవరో వేరే” అంటుంది. పిల్లలంత నిర్దయగా సమీక్షలు రాసే విమర్శకులు ఇంకా పుట్టలేదు.

అసలు తిరకాసు డబ్బు దగ్గరుంది. టీవీ ముందు పిల్లదే రాజ్యం, రిమోట్ దాని చేతిలో. థియేటర్ దగ్గర పర్సు తండ్రి చేతిలో. నలుగురికి టికెట్లు, పాప్‌కార్న్, పార్కింగ్ లెక్కేసుకుని ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: “ఇంట్లో రోజూ ఊరికే వస్తున్నవాడే కదమ్మా వీడు?” ఈ ప్రశ్నను ఎదుర్కొనే శక్తి ఏ లడ్డూలోనూ లేదు.

ఈ దేశంలో సూపర్ హీరో సీరియల్ అంటే మొదట గుర్తొచ్చేది శక్తిమాన్. 1997 సెప్టెంబరులో దూరదర్శన్‌లో మొదలై 2005 దాకా నడిచింది. పోర్టు, నేవీ, స్టీల్ ప్లాంటు క్వార్టర్లలో దేశం నలుమూలల జనమూ కలిసి కాపురముండే విశాఖలో హిందీ సీరియల్‌కి భాష అడ్డం కాలేదు. అర్థం కాని మాట పక్కింటి పిల్లాడు చెప్పేవాడు. పైన శక్తిమాన్, లోపల గంగాధర్ అనే సోడాబుడ్డి కళ్లద్దాల ఫొటోగ్రాఫర్. ముఖేశ్ ఖన్నాయే రెండూ. అంతకుముందు ‘మహాభారత్’లో భీష్ముడూ ఆయనే కాబట్టి, ప్రతి కథ చివరా పిల్లలకు నీతులు చెప్పే అధికారం ఆయనకు పుట్టుకతో వచ్చిందని జనం సరిపెట్టుకున్నారు. తప్పుచేసిన పిల్లలు “సారీ శక్తిమాన్” అనడం దేశవ్యాప్త ఆచారమైంది.

2022 ఫిబ్రవరిలో సోనీ పిక్చర్స్ వారు శక్తిమాన్‌ను సినిమాగా, అదీ మూడు భాగాలుగా తీస్తామని ప్రకటించారు. తర్వాత రణ్‌వీర్ సింగ్ పేరు వినబడింది. 2024 మార్చిలో ముఖేశ్ ఖన్నా అడ్డం తిరిగి, అతను శక్తిమాన్‌గా పనికిరాడని బాహాటంగానే చెప్పారు. ఆ నవంబరులో, 66 ఏళ్ల వయసులో, తనే ఆ దుస్తులు తొడుక్కుని యూట్యూబ్‌లో ప్రత్యక్షమయ్యారు. గాలిలో గిరగిరా తిరగడమే శక్తిమాన్ విద్య అన్న సంగతి తెలిసిందే. సినిమా కూడా అదే పని చేస్తోంది, ఎక్కడా దిగకుండా.

పరదేశాల్లోనూ ఈ రాకపోకలు కుదురుగా లేవు. 1966 జనవరిలో అమెరికాలో ‘బ్యాట్‌మన్’ సీరియల్ మొదలైతే, అదే ఏడాది జులైకల్లా అదే నటుడు ఆడమ్ వెస్ట్‌తో సినిమా దింపేశారు. అందులో హీరో హెలికాప్టర్ నిచ్చెన పట్టుకుని సముద్రం మీద వేలాడుతుంటే సొరచేప వచ్చి కాలు పట్టుకుంటుంది. పైనుంచి శిష్యుడు సొరచేపలను తరిమే స్ప్రే డబ్బా అందిస్తాడు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఈ సన్నివేశం వేస్తే సొరచేప మీద స్ప్రే కొట్టి వదిలేసినందుకు హీరోని చీపురు తిరగేసి కొడతారు. కానీ ఆ నిర్మాతలు తెలివైనవాళ్లు. హెలికాప్టరు, పడవ, మోటారు సైకిలు సినిమా ఖర్చులో తయారు చేయించుకుని, ఆనక సీరియల్‌లో వాడుకున్నారు. 2017లో ‘పవర్ రేంజర్స్’కి అలాంటి లౌక్యం లేదు. పది కోట్ల డాలర్లు పోసి తీస్తే పద్నాలుగు కోట్లకు కాస్త పైన వసూలైంది, అందులో థియేటర్ల వాటా పోగా మిగిలింది చూసుకుని తర్వాతి భాగాల ఊసు ఎత్తలేదు. అదే ఏడాది మార్వెల్ వారి ‘ఇన్‌హ్యూమన్స్’ సీరియల్ మొదటి రెండు భాగాలను ఏకంగా ఐమాక్స్ తెర మీద వేశారు. సీరియల్ ఎనిమిది భాగాలకే మూతపడింది. చిన్న తెర మీద కనబడని లోపాలకు అంత పెద్ద తెర మీద దాక్కోవడానికి చోటు దొరకలేదు మరి.

తెలుగులో ఈ పరీక్ష రాసినవాడు సూపర్ హీరో కూడా కాదు, హోటల్ యజమాని. గుణ్ణం గంగరాజు ‘అమృతం’ 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో ఆదివారం రాత్రుల్ని ఏలింది. మధ్యలో అమృతరావు శివాజీరాజా నుంచి నరేశ్‌గా, నరేశ్ నుంచి హర్షవర్ధన్‌గా మారాడు. జనం కిక్కురుమనలేదు. భర్త ముఖం మారిపోయినా భార్య సంజీవినికి లేని అభ్యంతరం మనకెందుకని ఊరుకున్నారు. 2014లో గంగరాజే దాన్ని ‘చందమామలో అమృతం’ అని సినిమా తీసి, కథను అక్షరాలా చంద్రమండలానికి పంపించారు. అవసరాల శ్రీనివాస్ అమృతం అయ్యాడు, ఇంకో నటుడు అంజి అయ్యాడు. ఇక్కడ జనం కిక్కురుమన్నారు. గుండు హనుమంతరావు లేని అంజి ఏమిటని అలిగారు. టీవీలో ఊరికే వచ్చేటప్పుడు ముగ్గురు అమృతాల్ని సర్దుకున్న ప్రేక్షకుడే, టికెట్ కొన్నాక వినియోగదారుల హక్కులు గుర్తుచేసుకున్నాడు.

ఇంతకీ తెలుగు టీవీలో సూపర్ పవర్లకు కొదవేం లేదు. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా 1,569 భాగాలు నడిచిన ‘కార్తీకదీపం’లో వంటలక్క ఓర్పు ముందు ఏ ఉక్కు కవచమూ నిలవదు. భాగానికి ఇరవై నిమిషాలే అనుకున్నా 500 గంటల పైమాట. డాక్టరైన భర్త, పిల్లలు తన పిల్లలా కాదా అని అన్నేళ్లు అనుమానపడ్డాడే గానీ ఒక్క రక్తపరీక్షతో కథ ముగించెయ్యలేదు. ఆ నిగ్రహం వల్లే ఎందరికో ఉపాధి దొరికింది. సినిమాలో ఆ పరీక్ష ఇంటర్వెల్‌కల్లా చేయించాలి.

సినిమాల వైపు ఇంకో చిక్కుంది. తెలుగు వెండితెర మీద సూపర్ హీరో ఉద్యోగాలు ఖాళీ లేవు. 2003లో ‘పలనాటి బ్రహ్మనాయుడు’లో బాలకృష్ణ తొడ కొడితే రైలు వెనక్కి వెళ్లింది. కేప్ లేదు, మాస్క్ లేదు, సాలీడు కుట్టనూ లేదు. (అదే రైల్వే శాఖ విశాఖ జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించి, ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో గానీ చెయ్యలేదు. తొడలు కొట్టినవాళ్లు చాలామందే ఉన్నారు, ముందుకు కదిలే రైలుకి అది పనిచేయదేమో.) పైగా మాస్క్ వేస్తే హీరో ముఖం కనబడదు. జగదాంబ సెంటర్లో కటౌట్ కట్టి పాలు పొయ్యాలంటే ఏ ముఖం మీద పొయ్యాలి? మలయాళం వాళ్లు 2021లో ‘మిన్నల్ మురళి’ అని దర్జీ కుర్రాడికి ముసుగు తొడిగి నెగ్గుకొచ్చారంటే, అది నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. కటౌట్ బెడదే లేదు.

మరి తెలుగులో ఏ సూపర్ హీరో పాసయ్యాడు? దేవుడి సిఫార్సు ఉన్నవాడు. 1980లో వి. మధుసూదనరావు తీసిన ‘సూపర్ మ్యాన్’లో ఎన్టీఆర్‌కు శక్తులిచ్చింది ఆంజనేయస్వామి. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’లో తేజ సజ్జాకు శక్తులొచ్చిన మణి ఆ స్వామి రక్తపు బొట్టులోంచే పుట్టింది. నలభై నాలుగేళ్లలో గ్రాఫిక్స్ మారాయి, పూచీకత్తు మారలేదు. ఆ సినిమాలో విలన్, తల్లిదండ్రులున్నవాడు సూపర్ హీరో కాలేడని లెక్కగట్టి చిన్నప్పుడే కన్నవాళ్లను చంపేస్తాడు. అమెరికా కామిక్స్ చదివి చెడిపోయిన పిల్లాడన్నమాట. గదతో వచ్చినవాడు గెలిచాడు, కామిక్ పుస్తకంతో వచ్చినవాడు ఓడాడు. సీరియల్‌ను సినిమాగా మార్చాలనుకునే తెలుగు నిర్మాత గోడకు అంటించుకోవాల్సిన కథాచర్చ ఇదొక్కటే.

ఈ చర్చ గాజువాకలో ఒక టీ కొట్టు దగ్గర నడిచినప్పుడు, షిఫ్టు దిగిన కార్మికులు దాన్ని వెంటనే ఊరి లెక్కలోకి దింపేశారు. విశాఖకో సూపర్ హీరో కావాలి. పేరు ఉక్కుమనిషి. సెట్టింగులకి ఖర్చు లేదు: ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి సిద్ధంగా ఉంది, ఎగరడానికి డాల్ఫిన్ నోస్ కొండ ఉంది, కాకపోతే నేవీ వారి పాస్ తెచ్చుకోవాలి. హీరో పుట్టుక స్టీల్ ప్లాంటులోని గోదావరి అనే బ్లాస్ట్ ఫర్నేస్‌లో. చెల్లెళ్లు కృష్ణ, అన్నపూర్ణ కూడా ఫర్నేసులే.

“శక్తులేటి?” అన్నాడొక కుర్రాడు.

“ఏడాదికి 73 లక్షల టన్నులు.”

“మరి బలహీనత?”

“సొంత గని లేదు.”

ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అది హాస్యం కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ లైను మీదుగా ఈ ఊరికే దిగి, దశాబ్దాల పాటు ఈ రేవులోనే ఓడలెక్కి జపాను వెళ్లింది. ఈ ఊళ్లోనే ఉన్న ప్లాంటు మాత్రం అదే ఖనిజాన్ని బజారు ధరకు కొనుక్కోవాలి. ఈ సన్నివేశం కథలో పెడితే లాజిక్ లేదని విమర్శకులు చీల్చి చెండాడతారు.

కథకి మాత్రం లోటు లేదు. 1966 అక్టోబరులో ఈ ప్లాంటు కోసం టి. అమృతరావు నిరాహార దీక్ష, తెన్నేటి విశ్వనాథం నాయకత్వం, కాల్పుల్లో 32 ప్రాణాలు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన. 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు జాతికి అంకితం. రెండింటికీ మధ్య 21 ఏళ్లు. 2010లో నవరత్న కిరీటం. 2021 జనవరి 27న నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయ ఆమోదం. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం. 2025 జనవరి 17న 11,440 కోట్ల సాయం. శుక్రవారం ఎపిసోడ్ చివర అమ్మేస్తున్నారని ఉరుము, సోమవారం ఆదుకుంటున్నారని శుభం. పదకొండు వందల వంటలక్కలు వచ్చినా ఇంత సాగదీయలేరు.

“దీన్ని రెండున్నర గంటల సినిమా చేసీగలరేటి బాబూ?” అన్నాడు పెద్దాయన. “కళైమాక్సు ఎక్కడ పెడతారు?”

కుర్రాడు లెక్కలు తీశాడు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం పల్లెటూళ్ల నాన్ ఏసీ హాల్లో కింది తరగతి టికెట్ ఐదు రూపాయలన్నప్పుడైతే ఏ ఉక్కుమనిషీ బతికి బట్టకట్టేవాడు కాదు. 2022 మార్చిలో ఆ ధరలు సవరించాక, హీరో, దర్శకుల పారితోషికాలు పోను వంద కోట్లు ఖర్చయిన సినిమా రాష్ట్రంలో కనీసం 20 శాతం షూటింగ్ చేసుకుంటే మొదటి పది రోజులు రేటు పెంచుకోవచ్చన్నారు. ఉక్కుమనిషి మొత్తం ఇక్కడే పుట్టి ఇక్కడే చస్తాడు కాబట్టి ఆ షరతు నూటికి నూరు.

హీరో ఎవరన్న దగ్గర మూడు అభిమాన సంఘాలు తయారయ్యాయి, గ్లాసులు కొంచెం గట్టిగా బల్ల మీద పడ్డాయి. విలన్ దగ్గరికొచ్చేసరికి ఇంకా పెరిగింది. ఢిల్లీ అన్నాడొకడు, అమరావతి అన్నాడు ఇంకొకడు, బొగ్గు ధర అన్నాడు మూడోవాడు. యూనియన్లే అని ఎవరో గొణిగితే నలుగురూ వాడి మీద పడ్డారు. పెద్దాయన టీ డబ్బులిచ్చి, సినిమా అయితే తను రానని, జీతం రెండు ముక్కలుగా పడుతున్న నెలల్లో టికెట్ తన వల్ల కాదని, టీవీలో వేస్తే రాత్రి ఎనిమిదింటికి పెట్టమని, బి షిఫ్టు అయితే అదీ కుదరదని చెప్పి బస్సెక్కేశాడు.