భద్రంగా అంటే ఎక్కడండీ?

బ్యాకప్ సాఫ్ట్‌వేర్లన్నీ చివర్లో ఒకే ముక్క చెప్పి చేతులు దులుపుకుంటాయి: ఈ కీని భద్రంగా దాచుకోండి, పోతే మేమేమీ చెయ్యలేం. భద్రంగా అంటే ఎక్కడో మాత్రం చెప్పవు.

తణుకులో ఉండే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారికి కొన్నాళ్ళుగా ఇదే గొడవ. ఫోన్లో పెడితే ఫోన్‌తోపాటే పోతుంది. మెయిల్లో పెడదామంటే మెయిల్ పాస్‌వర్డ్ ఉన్నదీ ఆ ఫోన్లోనే. పాస్‌వర్డ్ మేనేజర్లో పెట్టమని అల్లుడి సలహా. మరి ఆ మేనేజర్ పాస్‌వర్డ్ ఎక్కడుంది నాయనా అంటే, ఈ కీతో తెరవాల్సిన బ్యాకప్‌లోనే ఉందట! బీరువా తాళం బీరువాలోనే పడేసి తలుపు మూసుకోవడానికి ఇంజనీరింగ్ చదవాలా అని మాస్టారి విసుగు.

చివరికి క్యాలెండర్ వెనక రాసుకున్నారు. అది వాట్సాప్ బ్యాకప్ కీ. వాట్సాప్ 2021 నుంచి బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టుకోనిస్తోంది. సొంత పాస్‌వర్డ్ అయినా పెట్టుకోవచ్చు, 64 గుర్తుల కీ అయినా తీసుకోవచ్చు. కీలో ఉండేవి అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు ఇంగ్లీషు అక్షరాలూ. ఒక్కో గుర్తుకు నాలుగు బిట్లు, వెరసి 256. లెక్క ఇంత చక్కగా కుదిరాక మాస్టారు కీ కాక ఇంకేం తీసుకుంటారు?

కూకట్‌పల్లిలో కూతురింటికి వెళ్ళినప్పుడు కొత్త ఫోన్ కొన్నారు. క్యాలెండర్ తణుకులో గోడకుంది. అక్కడ మాస్టారి భార్య ఫోన్లో చదువుతుంటే ఇక్కడ మనవరాలు టైపు చేస్తోంది. బీ, సీ, డీ, ఈ... ఫోన్లో నాలుగూ ఒకలాగే వినపడతాయి. అందుకని ఆవిడ సొంత పద్ధతి మొదలెట్టారు.

"బీ ఫర్ బెజవాడ. డీ ఫర్ ఢిల్లీ. ఏ ఫర్ ఏనుగు. ఈ ఫర్ ఈగ." ఇంతవరకూ దివ్యంగా సాగింది.

"సీ ఫర్ సికింద్రాబాద్."

"అమ్మమ్మా, అది ఎస్! ఇందులో ఎస్ ఉండదు. సినిమా అనొచ్చుగా?"

"సినిమా ఎప్పుడు చూపించారే మీ తాతయ్య? ఎఫ్ ఫర్ ఫణి."

"ఫణి మావయ్య పెళ్ళికార్డు మీద పీ అని ఉంది కదా!"

విమానాలు నడిపేవాళ్ళు 1956లోనే చార్లీ, ఫాక్స్‌ట్రాట్ అంటూ ఈ చిక్కు విప్పుకున్నారు. తణుకులో చార్లీ అంటే చాప్లినే. అసలు తగవు తర్వాతొచ్చింది: "ఏవండీ, ఇది ఆరా, బీయా?" చేతిరాత బాగోలేదని ఉద్యోగమంతా పిల్లలకు మార్కులు కోసిన మనిషి, తన రాత తనకే గుర్తులేక గుటకలు మింగారు. మూడో వరసకి వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోయింది. ఫోన్‌కి కాదు, ఆవిడకి.

కంపెనీల కాపురమూ అంతంతమాత్రమే. రాత్రి రెండింటికి దానంతటదే నడిచే బ్యాకప్‌కు పాస్‌వర్డ్ ఎవరు కొడతారు? అందుకని దాన్ని ఆ మెషీన్‌కు అందుబాటులోనే ఉంచుతారు. లాగిన్ కూడా కాకుండా బయటివాడు కాన్ఫిగరేషన్ డేటాబేస్‌లోంచి ఎన్‌క్రిప్ట్ చేసిన పాస్‌వర్డ్లు లాగేసే లోపం వీమ్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్లో బయటపడితే 2023 మార్చిలో ప్యాచ్ ఇచ్చారు. ఇక అల్లుడు చెప్పిన పాస్‌వర్డ్ మేనేజర్ల సంగతి. 2022లో లాస్ట్‌పాస్ ఖాతాదారుల వాల్ట్ బ్యాకప్‌లే దొంగల పాలయ్యాయి. వాటికి కావలసిన కీలు అందేది నలుగురు ఇంజనీర్లకే. వాళ్ళలో ఒకరి ఇంటి కంప్యూటర్లో, కొట్టిన ప్రతి అక్షరాన్నీ పట్టేసే కీలాగర్ దూర్చారు, సరిపోయింది.

నలుగురికి తెలిస్తే అదీ తంటా. ఒక్కరికే తెలిస్తే? మాస్టారితో పనిచేసిన సైన్సు మాస్టారు ఈమధ్య పోయారు. ఆయన బ్యాకప్ ఏ రాత్రీ తప్పలేదు. మనవల ఫొటోలు, ఆయన పాడుకున్న పాటలు అన్నీ అందులోనే ఉన్నాయి. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు. దొంగ తట్టినా, భార్య తట్టినా ఆ తలుపుకు ఒకటే. చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది, తప్పు పట్టడానికీ లేదు. ఆవిడ ఆ హార్డ్ డిస్క్ దుమ్ము మాత్రం తుడుస్తూ ఉంటారు.

మార్గం లేదా అంటే ఉంది. రెస్టిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో ఒకే బ్యాకప్‌కు వేర్వేరు పాస్‌వర్డ్లు పెట్టుకోవచ్చు, ఆయనకొకటి, ఆవిడకొకటి. బోర్గ్ అనేది కీని కాగితం మీద అచ్చేసుకోనిస్తుంది. వరస వరసకీ చెక్‌సమ్ ఉంటుంది కనుక సికింద్రాబాద్ ఏ వరసలో దూరిందో అక్కడే పట్టేస్తుంది. కాకపోతే రెండూ నల్లటి తెర మీద కమాండ్లు కొట్టేవాళ్ళ సరుకు. ఎమోజీల రంగులు మార్చడానికి తీరిక ఉన్నవాళ్ళకు, "మీ ఇంట్లో ఇంకొకరికి పాస్‌వర్డ్ పెట్టమంటారా?" అని అడిగే గడి ఒక్కటి పెట్టడానికి ఏం రోగమో మాస్టారికి ఇప్పటికీ అంతుపట్టలేదు.