రామప్పకు వెళ్తున్నారా? గుడిని చివర్లో చూడండి

పాలంపేటకు బయల్దేరేవాళ్లకు అందరూ చెప్పే మాట ఒకటే. గుడి చూడండి, మదనికల పక్కన ఫొటో దిగండి, నీళ్లలో తేలే ఇటుకల సంగతి గైడును అడగండి, చీకటి పడేలోపు వరంగల్ చేరుకోండి. నేను చెప్పేది ఇందుకు పూర్తిగా తలకిందులు. పిల్లలు మొహం ముడుచుకుంటారు, పెద్దవాళ్లు ఎండలో ఈ తిప్పట ఏమిటని విసుక్కుంటారు. అయినా ఒక్కసారి నా మాట వినండి. కాకతీయులంటే గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు అని ఎప్పుడు లేపి అడిగినా చెబుతాం. రాజు పేరు మీద నేలను ఏలినవాళ్ల పేర్లు మాత్రం నోటికి రావు. పాలంపేటలో ఉన్నదంతా అలాంటి ఒక మనిషి పని.

ముందుగా, గుడి దగ్గర బండి ఆపొద్దు. నేరుగా చెరువు కట్టకు పోనివ్వండి, కిలోమీటరు దూరమే. కట్టెక్కి నిలబడితే ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పచ్చటి మళ్లు. చుట్టూ గుట్టలు, గుట్టల మధ్య సందును మూసేస్తూ మట్టికట్ట. నేల వాలు చూసుకుని, వాన ఎటు పారుతుందో కనిపెట్టి, సరిగ్గా ఎక్కడ అడ్డం వేయాలో అక్కడే వేశారు. తూము దగ్గరికి దిగి కాసేపు కూర్చోండి. నీళ్లు తూము దాటి సన్నటి కాలువలో పడి, మలుపు తిరిగి, ఏదో ఒక రైతు మడిలోకి ఎలా దూరుతున్నాయో కళ్లతో చూడండి. మత్తడి ఎటుందో, చెరువు నిండి దూకితే నీళ్లు ఎటు పోతాయో కట్ట మీద ఎవరు ఎదురైనా చెబుతారు. ఏ పుస్తకమూ అంత బాగా చెప్పదు. ఆ మాటలయ్యేదాకా గుడివైపు తిరగొద్దు.

ఇప్పుడు గుడి ఆవరణలోకి రండి. కానీ శిల్పాల వైపు పోవద్దు. ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న రాతి అమ్మాయి ఎక్కడికీ పోదు, ఎనిమిది వందల ఏళ్లుగా అక్కడే ఉంది. ముందు శాసన మండపం వెతకండి. చిన్నది, ఎవరూ ఆగరు. అందులో నిలువెత్తు రాతి మీద తీరైన అక్షరాల్లో సంస్కృత శాసనం ఉంది. శక సంవత్సరం 1135, అంటే క్రీ.శ. 1213. గుడి కట్టించినవాడు రేచర్ల రుద్రుడు, గణపతిదేవుడి సేనాని. దేవుడు రుద్రేశ్వరుడు, కట్టించినవాడి పేరే. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా ఆ పేరుతోనే చేర్చింది. మనం మాత్రం రామప్ప అంటున్నాం. శిల్పిదని చెప్పుకునే పేరున గుడిని పిలుచుకోవడం నాకూ ఇష్టమే, దేశంలో ఇలాంటివి అరుదు. అయితే ఆ పేరు జనం నోట నిలిచింది, రుద్రుడి పేరు రాతి మీద నిలిచింది. రెండూ గుర్తుంచుకోవడానికి ఇబ్బందేముంది?

ఈ రుద్రుడు మామూలు సేనాని కాడు. దేవగిరి యాదవ రాజులతో యుద్ధంలో కాకతీయ రాజు మహాదేవుడు చనిపోయాడు, కొడుకు గణపతి దేవగిరిలో బందీ అయ్యాడు. ఓరుగల్లులో రాజు లేడు. అలాంటి సమయంలో సామంతులు ఎవరికి వాళ్లు విడిపోకుండా రాజ్యాన్ని నిలబెట్టినవాడు రుద్రుడు. కాకతిరాజ్యభారధౌరేయుడన్న బిరుదు అందుకే వచ్చింది. సింహాసనం ఖాళీగా ఉండి సైన్యం చేతిలో ఉన్న మనిషి ఏం చేయగలడో చరిత్ర చదివిన ఎవరికైనా తెలుసు. రుద్రుడు గణపతి తిరిగొచ్చాక రాజ్యం అప్పగించాడు. తర్వాత పాలంపేటలో చెరువు తవ్వించాడు, గుడి కట్టించాడు. నాకు ఈ మనిషి మీద గౌరవం ఇక్కడ మొదలైంది. శాసనం అతని వంశాన్ని పొగుడుతుంది, ఓరుగల్లును వర్ణిస్తుంది. మట్టి తట్టలు మోసినవాళ్ల పేర్లు మాత్రం అందులో లేవు. ఆ లోటు ఉన్నదే, దాన్ని దాచక్కర్లేదు.

ఇటుకల గురించి అడగొద్దు. శిఖరానికి వాడిన ఇటుక నీటికంటే తేలిక, అది నిజం, గొప్ప పనితనం కూడా. కానీ ఆ ఒక్క వింత దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. ఇటుక మాట పక్కనబెట్టి చెరువు ఎవరు తవ్వించారని గైడును అడగండి. రామప్ప చెరువులాగే పాకాల చెరువును కూడా ఓ అధికారే, జగదాల ముమ్మడి, గణపతిదేవుడి కాలంలోనే తవ్వించాడు. 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పూడిక తీసే పథకానికి మిషన్ కాకతీయ అని పేరు పెట్టారు. మంచి పేరే. అయితే అందులోనూ వంశం పేరే వినిపించింది, ముమ్మడి, రుద్రుడు వినిపించలేదు.

మదనికల కాళ్ల భంగిమలు, చేతుల ముద్రలు చూసి మురిసిపోయేవాళ్లకు ఒక మాట. ఆ కాలపు నాట్యం మీద నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని ఏనుగుల దళానికి అధిపతి. కృష్ణ సముద్రంలో కలిసే చోట దివిసీమను ఏలిన అయ్య కుటుంబంవాడు. గణపతిదేవుడు దివిని జయించాడు, జాయప అక్కచెల్లెళ్లు నారమ, పేరమలను పెళ్లాడాడు, జాయపను తన కొలువులోకి తీసుకున్నాడు. గుంటూరు దగ్గర చేబ్రోలులో జాయప వేయించిన శాసనం తేదీ కూడా 1213. ఒకే ఏడాది, ఒకే రాజు కింద, ఇద్దరు అధికారులు రెండు చోట్ల రాతి మీద మాట నిలిపారు.

దివిసీమలాంటి దీవిని గెలిచినవాళ్లు అందరూ ఇలాగే నడవలేదు. 1797లో స్పెయిన్ నుంచి ట్రినిడాడ్ దీవిని లాక్కున్న ఇంగ్లండు అక్కడ థామస్ పిక్టన్‌ను గవర్నరుగా కూర్చోబెట్టింది. దొంగతనం నేరం మోపి లూయిసా కాల్డెరాన్ అనే చిన్నపిల్లను హింసించడానికి అతను సంతకం పెట్టాడు. 1806లో లండన్‌లో జ్యూరీ దోషి అంది, శిక్ష మాత్రం పడలేదు. 2020లో కార్డిఫ్ నగరపాలక సంస్థ తన సిటీహాల్లోని అతని విగ్రహాన్ని తీసేయాలని తీర్మానించింది. దివిసీమను కూడా కత్తితోనే గెలిచారు, అది మరువద్దు. గెలిచాక ఆ నేల మీద ఏం మిగిల్చారన్నది నా ప్రశ్న.

ఓరుగల్లును ఏలినవాళ్లందరినీ ఇదే ప్రశ్న అడగండి. 1323లో ఢిల్లీ సుల్తానుల చేతిలో కోట పడ్డాక పట్టణానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. ఢిల్లీ తరఫున ఇక్కడ పాలించిన మాలిక్ మక్బూల్ కాకతీయుల కొలువులో పనిచేసిన తెలుగువాడే. ముసునూరి కాపయ నాయకుడు అతన్ని తరిమేశాడు. తర్వాత మక్బూల్ ఢిల్లీలో ఫిరోజ్ షా తుగ్లక్ దగ్గర వజీరయ్యాడు. ఢిల్లీ నిజాముద్దీన్‌లో ఉన్న అతని ఎనిమిది పలకల సమాధిని ఇప్పటికీ తిలంగానీ పేరుతోనే పిలుస్తారు. 1504లో ఓరుగల్లును ఏలుతున్న షితాబ్ ఖాన్ అక్కడ దేవతామూర్తులను తిరిగి నిలబెట్టి శాసనం వేయించాడు. ఒక్కొక్కరి మీద ఒక్కో పుస్తకం రాయాలి. అన్నీ ఒక్క రోజులో చూసేయాలని తిరగొద్దు, ఒక్కరి దగ్గరైనా నిలబడండి.

గుడిలోకి ఇప్పుడు వెళ్లండి. నక్షత్రం ఆకారపు అరుగు, ఎర్ర ఇసుకరాయి గోడలు, నున్నటి నల్లరాతి స్తంభాలు అన్నీ తీరిగ్గా చూడండి. దేవుడికి దణ్ణం పెట్టేటప్పుడు రుద్రేశ్వరా అనండి. ములుగు జిల్లాలో బడి పిల్లల్ని రామప్పకు తీసుకొచ్చే పంతుళ్లను కోరేది ఒక్కటే: పిల్లల్ని చెరువు కట్ట మీద ఒక గంట నడిపించండి, శాసన మండపం దగ్గర ఆపి రేచర్ల రుద్రుడి పేరు చెప్పండి. అతని చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది.