మూడు వారాలకే ఇంటికొచ్చిన స్టార్

‘ఫ్యామిలీ స్టార్’ 2024 ఏప్రిల్ 5న, ఉగాదికి నాలుగు రోజుల ముందు థియేటర్లకొచ్చింది. ఏప్రిల్ 26న అమెజాన్ ప్రైమ్‌లో మన నట్టింట్లో దిగింది. మూడు వారాలకు మన ఇళ్లలో బిడ్డకు పేరు పెడతారు. ఈ సినిమాకు అప్పటికి ఉన్న పేరు కూడా పోయింది. ‘గీత గోవిందం’ తీసిన పరశురామ్, అందులో మెప్పించిన విజయ్ దేవరకొండ, పక్కన మృణాల్ ఠాకూర్, వెనక దిల్ రాజు. ఇంకేం కావాలి? లిఫ్టడిగిన అమ్మాయిని లీటరు పెట్రోలు కొట్టించమనే హీరోను చూసి, మనవాడేలే అనుకున్నాం. ఆ మనవాడు కాస్తా, మేడ మీద అద్దెకు దిగిన అమ్మాయి తన మీద థీసిస్ రాసిందని అలిగి అమెరికా విమానమెక్కాడు. రూపాయి రూపాయి లెక్కేసే మనిషి కథలో ప్రేక్షకుడి సమయానికి మాత్రం లెక్కాపత్రం లేదు.

సినిమా పోయాక నెపం ఫోన్లు పట్టుకున్న జనం మీద పడింది. దుష్ప్రచారం జరుగుతోందని హీరో తరఫువాళ్లు పోలీసుల దాకా వెళ్లారు. చూడకుండానే తిట్టినవాళ్లు లేరని ఎవరంటారు? టికెట్టు కొనకుండా తీర్పులిచ్చే పెద్దమనుషులకు కడప జిల్లా వేంపల్లె టీ అంగళ్ల దగ్గర కూడా కొదవలేదు. కానీ వారం ముందు, మార్చి 29న వచ్చిన ‘టిల్లు స్క్వేర్’ కూడా ఈ ఫోన్ల మధ్యనే ఆడింది, ఆడి నిలబడింది. అసలు గమ్మత్తేమిటంటే, ఆ హిట్టు కూడా అదే ఏప్రిల్ 26న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చేసింది. పాసైనవాడూ తప్పినవాడూ ఒకే శుక్రవారం ఇల్లు చేరారు. మరి తొందరగా ఇంటికి రావడం ఫ్లాపుకు పడిన శిక్ష ఎట్లవుతుంది? ఫలితంతో పనిలేని ముహూర్తమది. 2022 ఆగస్టులో షూటింగులు ఆపి మరీ, ఎనిమిది వారాల తర్వాతే ఓటీటీ అని నిర్మాతలు చెప్పారు. ఆ మాట చెప్పినవాళ్లలో ముందున్నది దిల్ రాజే.

ఓటీటీ డబ్బు లేకుంటే నిర్మాత బతికేదెట్లా అంటారు. నిజమే, వడ్డీలు ఆగవు. అయితే ఆ డబ్బులో సీడెడ్ హక్కులు కొన్న బయ్యరుకు గానీ, హాలు నడిపే మనిషికి గానీ దక్కేదేముంది? (1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు వదిలేసిన సీమను సినిమావాళ్లు ఇప్పటికీ ఆ పేరుతోనే అమ్ముతారు. వదిలేయడం వాళ్లకూ అలవాటైనట్టుంది.) ఏప్రిల్‌లో కడప జిల్లా ఎండ సంగతి తెలిసిందే. ఆ ఎండలో చక్రాయపేట నుంచి పిల్లాజెల్లాతో వేంపల్లెకొచ్చి మ్యాట్నీ చూడాలంటే బస్సు చార్జీలు, టికెట్లు, ఇంటర్వెల్‌లో పిల్లల మారాం. మూడు వారాలు గమ్మునుంటే ఇదంతా ఫ్యాన్ కింద తేలిపోతుందని తెలిసిన ఇల్లాలిని ఎట్లా తప్పుపడతాం? తెర మీద హీరో వేసిందీ అదే లెక్క కదా.

ఇంట్లో చూసినవాళ్లకు అంత చేదుగా లేదట కదా అనొచ్చు. ఉండదు మరి. సాగదీసిన చోట చపాతీ పిండి కలుపుకోవచ్చు, అమెరికా సీన్లలో పిల్లల చేత హోంవర్క్ చేయించొచ్చు, పాటకు మళ్లీ వచ్చి కూర్చోవచ్చు. ఆ సౌకర్యం రిమోట్‌ది. దాన్ని దర్శకుడి ఖాతాలో వేయకండి. నిర్మాతలకు ఒకటే మనవి: పోస్టర్ మీద విడుదల తేదీ పక్కనే ఓటీటీ తేదీ కూడా అంతే పెద్ద అక్షరాలతో అచ్చేయించండి. బస్సెక్కాలో వద్దో వేంపల్లె జనం తేల్చుకుంటారు.